ఊపిరికి చుట్టుకున్న ఉంగరం

మనిషి పుట్టిన క్షణం నుండి కన్నుమూసే వరకు ఎవరూ నేర్పకుండా, ఎవరూ గుర్తు చేయకుండా చేసే పని ఊపిరి తీయడమొక్కటే. తెలుగులో ప్రాణమంటే ఊపిరి, జీవము రెండూను. మా ఇంటి భాషయైన ఉర్దూలో 'దమ్' అంటే ఊపిరి. ఉబ్బసాన్ని మా పెద్దలు 'దమా' అంటారు. ఆ పేరు మా ఇంట నాలుగైదేళ్ళు కాపురముండి, చివరకు అది మా ఇంటిది కానేకాదని తేలింది. ఆ వైనాన్ని మన కళాశాల వార్షిక సంచిక పాఠకుల ముందు ఉంచదలచాము. ఇందులో మా గొప్ప ఏమియు లేదు. నిజం చెప్పవలెనంటే, మా సిగ్గు కొంత కలదు.

మాది శ్రీకాకుళం జిల్లాలోని పలాస. ఒకవైపు మహేంద్రగిరి కొండల వరుస, మరొకవైపు కొబ్బరి, జీడితోటలతో సముద్రం దాకా సాగిన ఉద్దానం. నడుమ హౌరా నుండి చెన్నైకి పోయే రైలు మార్గం. ఊరిలో ఏ వీధికి వెళ్ళినా జీడిపిక్కల వాసన ఎదురు వస్తుంది. మా అబ్బాజాన్‌కు కాశీబుగ్గ బజారులో చిన్న దర్జీ దుకాణం ఉన్నది. 2013లో మాకు తమ్ముడు పుట్టాడు. నెల తిరగక ముందే వాడి ఊపిరిలో ఒక చప్పుడు మొదలయినది. పాలు తాగేటప్పుడు అది హెచ్చేది. వాడు తలను వెనుకకు వాల్చి, మెడను విల్లువలె వంచి నిద్రపోయేవాడు. సరిగా పడుకోబెట్టిన మరుక్షణమే మళ్ళీ అదే విధంగా వంగేవాడు. దగ్గు వచ్చిందంటే అది పసివాని దగ్గువలె ఉండేది కాదు. కంచు పాత్రను కొట్టినట్లు ఖంగుమనేది.

రైలు పట్టాల పక్క ఊరు కనుక మా వీధి పిల్లలు వాడికి 'ఇంజను' అని పేరు పెట్టారు. వాడు పరుగెత్తి రాగానే "ఇంజను వచ్చింది, గేటు వేయండి" అని నవ్వేవారు. ఆ నవ్వులో మా గొంతు కూడా కలిసి ఉండేదని ఇక్కడ ఒప్పుకొనక తప్పదు. వాడు మాతో పాటు తానూ నవ్వేవాడు. నవ్వినందుకు మళ్ళీ దగ్గేవాడు.

ఏడాదిన్నర వయసులో వాడికి ఉబ్బసమని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన వైద్యుని మేము నేటికీ తప్పు పట్టము. పసిపిల్లల ఛాతీలో పిల్లికూతలు వినిపించినప్పుడు చాలా సందర్భాలలో జలుబు క్రిములో, ఉబ్బసమో, అటువంటి మామూలు కారణమే ఉంటుంది. పైగా మా ఊరిలో ఆ పేరుకు సాక్ష్యాలు కావలసినన్ని దొరికాయి. జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ ఘాటైనది. పిక్క పెంకులోని నూనె మండినప్పుడు కళ్ళు, గొంతు మండుతాయి. సముద్రపు తేమగాలి ఉండనే ఉన్నది. మా పెదనాన్నకు ఉబ్బసం ఉన్నది. ఇక సందేహించేందుకు ఏమి మిగిలింది?

మా ఉద్దానంలోనే మరొక వ్యాధి కలదు. మూత్రపిండాలు మెల్లమెల్లగా పాడయ్యే ఆ జబ్బుకు కారణమేమిటని దేశ విదేశాల నిపుణులు ఏళ్ళ తరబడి నీటిని, మట్టిని, రక్తాన్ని పరీక్షిస్తూ వచ్చారు. 2023 డిసెంబరులో మా పలాసలో 200 పడకలతో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనవి. కారణం తెలియని జబ్బును గురించి అందరూ వెదుకుతారు. కారణం ముందే తెలిసినట్లు తోచే జబ్బును గురించి ఎవరూ వెదకరు. మా తమ్ముడిది ఈ రెండవ రకం దురదృష్టం.

మందులకు కొదువ లేదు. ఇన్‌హేలరు వచ్చింది, తరువాత కరెంటుతో పనిచేసే నెబ్యులైజరు వచ్చింది. దానిని కొనడానికి అబ్బాజాన్ తన రెండు కుట్టుమిషన్లలో ఒకదానిని అమ్మారు. దాదీ తేనెలో నల్లజీలకర్ర పొడి రంగరించి నాకించేది. దినుసులు మారేవి, మోతాదులు పెరిగేవి, చప్పుడు మాత్రం మారేది కాదు. జలుబు చేసినప్పుడు ఉధృతమయ్యేది, జలుబు తగ్గాక మళ్ళీ పాత స్థాయికి వచ్చేది. అంతేగాని పూర్తిగా నిశ్శబ్దమైన దినం ఒక్కటి కూడా లేదు. ఆ లేకపోవడాన్ని మేమెవరమూ లెక్కలో వేయలేదు.

2017లో మృగశిర కార్తె సమీపించినప్పుడు ఇంట్లో హైదరాబాదు ప్రయాణం మాట వచ్చింది. ప్రతి జూన్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికని ఇచ్చే చేపమందు కోసం ఊళ్ళ నుండి జనం కదలిపోవడం తెలుగువారికి కొత్త కాదు. పలాసలో ఫలక్‌నుమా ఎక్కితే తిన్నగా సికింద్రాబాదులో దిగవచ్చునని దాదీ లెక్క చెప్పింది. ఆనాడు పొయ్యి ముందు కూర్చున్న అమ్మీ తల ఎత్తకుండానే ఒక మాట అన్నది:

"అన్నం ముద్దే దిగని బిడ్డకు బతికిన చేప ఎలా దిగుతుందమ్మా?"

ప్రయాణం ఆగిపోయింది. మాట మాత్రం అక్కడే పొయ్యి దగ్గర ఉండిపోయింది. అమ్మీ చెప్పినది నిజం. నాలుగేళ్ళ వయసులో కూడా వాడికి అన్నాన్ని మెత్తగా పిసికి, చారు పోసి, చిన్న చిన్న ముద్దలుగా పెట్టవలసి వచ్చేది. రొట్టెముక్క, మాంసపు ముక్క గొంతులో నిలిచిపోయేవి. నీళ్ళు తాగి, రొమ్ము పట్టుకొని, కాసేపు ఆగి, మళ్ళీ తినేవాడు. గంటసేపు కంచం ముందు కూర్చున్నందుకు మేము వాడిని మందలించేవారము. దగ్గు ఒక సంగతి, మారాం ఒక సంగతి అని మా లెక్క. ఆ రెండూ ఒకే తాడుకు రెండు కొసలని మాలో ఎవరికీ తోచలేదు. వాడికి ప్రతి ముద్దా తినిపించిన అమ్మీ నోటనే రోగనిర్ణయం వెలువడింది. వినే చెవి లేకపోయినది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరాన్ని తాకింది. ఆ గాలికి ఉద్దానంలో తరతరాల కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా పెకలి పడినవి. కరెంటు స్తంభాలు నేలకూలాయి. రోజుల తరబడి చీకటి. అందరికీ నీళ్ళ చింత, తిండి చింత. మా ఇంట్లో వాటికి తోడు నెబ్యులైజరు చింత. యంత్రం లేకుంటే బిడ్డ రాత్రి గడుస్తుందా అని అబ్బాజాన్ వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని తెల్లవారే దాకా మేలుకొని ఉండేవారు. మేము అప్పుడు ఆరవ తరగతి చదువుతున్నాము. కిరోసిన్ దీపం పక్కన కూర్చుని ఆ చప్పుడు ఎప్పుడు పెరుగుతుందోనని చెవి ఒగ్గి వింటూ ఉండేవారము.

అది పెరగలేదు. తగ్గనూ లేదు. మొదటి రోజు ఎట్లున్నదో ఆరవ రోజూ అట్లే ఉన్నది. ఏడవ రోజున అబ్బాజాన్ మెల్లగా అన్నారు: "యంత్రం ఉన్నా ఇంతే, లేకపోయినా ఇంతే అయితే, మనం ఇన్నాళ్ళూ దేనికి మందు వేస్తున్నట్లు?"

ఆ ప్రశ్ననే మూటగట్టుకొని డిసెంబరులో విశాఖపట్నం వెళ్ళాము. అక్కడ పిల్లల వైద్యురాలు స్టెతస్కోపును వీపుమీదనే గాక మెడమీద కూడా ఉంచి చాలాసేపు విన్నారు. తరువాత అమ్మీ వైపు తిరిగి, "అమ్మా, ఈ చప్పుడు ఎప్పటి నుండి ఉన్నది?" అని అడిగారు.

"పుట్టిన నెల నుండి, డాక్టరమ్మా."

"ఎప్పుడైనా పూర్తిగా పోయిందా?"

"ఒక్క రోజూ లేదు."

"తిండి ఎలా తింటాడు?"

అమ్మీ ఏడ్చింది. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవారు ఆమె ఒక్కరే.

ఉబ్బసంలో ఊపిరితిత్తుల లోపలి సన్నని గొట్టాలు బిగుసుకుంటాయి కనుక ముఖ్యంగా ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూత వినిపిస్తుందనీ, మా తమ్ముడికి పీల్చేటప్పుడు కూడా చప్పుడు వస్తున్నదనీ, అది పైనున్న పెద్ద గొట్టం ఎక్కడో ఇరుకైనందుకు గుర్తు కావచ్చుననీ ఆ వైద్యురాలు వివరించారు. ఉబ్బసం ఒకనాడు హెచ్చి ఒకనాడు తగ్గుతుంది, మందుకు లొంగుతుంది. ఇది రెండూ చేయలేదు. తెల్లని బేరియం ద్రవం తాగించి ఎక్స్‌రే తీశారు. అన్నవాహిక నిలువునా సాఫీగా దిగవలసినది, రెండు ప్రక్కల నుండి, వెనుక నుండి నొక్కుకుపోయి కనిపించింది. గుండెకు ఎకో పరీక్ష, తరువాత రక్తనాళాలలోకి మందు ఎక్కించి సి.టి. స్కాన్ చేశారు. ఆ చిత్రంలో మా తమ్ముడి వాయునాళం చుట్టూ ఒక ఉంగరం ఉన్నది.

ఆ ఉంగరం ఎట్లు వచ్చిందో తెలుసుకొనడం విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక అందరికీ ఆసక్తి కలిగిస్తుంది. గుండె నుండి శరీరమంతటికీ రక్తం తీసుకొనిపోయే ప్రధాన నాళం బృహద్ధమని. గర్భంలో నాలుగవ వారం మొదలుకొని శిశువు మెడభాగంలో కుడి ఎడమలుగా జతలు జతలుగా ధమనుల వంపులు పుడతాయి. అవన్నీ ఉండిపోవడానికి పుట్టవు. కొన్ని పెరిగి, కొన్ని కరగి, మూడు నాలుగు వారాలలోనే చివరి రూపం ఏర్పడుతుంది. సాధారణంగా ఎడమవైపు వంపు బృహద్ధమనిగా నిలిచి, కుడివైపు వంపు చివరి భాగం కరగిపోతుంది. అది కరగక నిలిచినచో బృహద్ధమనికి రెండు వంపులు మిగులుతాయి. ఒకటి వాయునాళానికి ముందుగాను, మరొకటి అన్నవాహికకు వెనుకగాను పోయి మళ్ళీ కలుస్తాయి. నడుమ చిక్కుకున్న ఆ రెండు గొట్టాల చుట్టూ ఉంగరం పూర్తవుతుంది. దీనినే రక్తనాళ వలయమంటారు. బృహద్ధమని కుడివైపుకు వంగి, ఎడమచేతికి పోవలసిన ధమని వెనుకనుండి బయలుదేరి, ఒక నారవంటి బంధం ఆ వలయాన్ని మూయడం మరొక రకం. ఎడమ ఊపిరితిత్తికి పోయే ధమని దారి తప్పి వాయునాళం వెనుకగా దూరడం ఇంకొక రకం. అన్నిటి ఫలితమూ ఒకటే: పసివాడు పెరిగేకొద్దీ నాళాలూ పెరుగుతాయి, నడుమ ఉన్న దారి మాత్రం ఇరుకుగానే ఉంటుంది. అటువంటి దారికి ఉబ్బసం మందు ఏమి చేయగలదు? గొళ్ళెం వేసిన తలుపుకు కీళ్ళలో నూనె పోసినట్లే.

ఈ లోపం కొత్తది కాదు. రెండు వంపుల బృహద్ధమనిని 1737లోనే హొమ్మెల్ అనే శరీరశాస్త్రజ్ఞుడు వర్ణించాడు. ఏళ్ళ తరబడి మింగలేక బాధపడి మరణించిన ఒక స్త్రీ శరీరంలో దారి తప్పిన ధమనిని కనుగొని డేవిడ్ బేఫర్డ్ 1794లో ప్రకటించాడు. ఆ స్థితికి అతడు పెట్టిన లాటిన్ పేరులో 'ప్రకృతి పరిహాసం' అనే భావం ఉన్నది. బతికి ఉన్న బిడ్డకు విముక్తి కలిగించినవాడు అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రి శస్త్రవైద్యుడు రాబర్ట్ గ్రాస్. 1945లో అతడు ఈ వలయాన్ని కోసి వాయునాళాన్ని విడిపించాడు.

వీరి కంటె ముందు మరొకరిని తలచుకొనడం మన కళాశాలకు తగును. డమాస్కస్ ప్రాంతంలో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్, ఇబ్న్ సీనా గ్రంథంలోని శరీరశాస్త్ర భాగానికి 1242లో వ్యాఖ్య రాశాడు. గుండె నడిమి గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయనీ, వాటిగుండా రక్తం కుడినుండి ఎడమకు పోతుందనీ గాలెన్ చెప్పిన మాటను వెయ్యేళ్ళుగా లోకం నమ్మింది. ఆ గోడ దట్టమైనదనీ, అందులో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగా వెళ్ళి గాలితో కలిసి గుండె ఎడమభాగానికి చేరుతుందనీ ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు. గాలెన్ అల్పుడు కాడు. ఇబ్న్ అల్ నఫీస్ ఆయనను అగౌరవపరచనూ లేదు. పెద్దవారు చెప్పిన మాటకూ, కనబడే సంగతికీ పొత్తు కుదరనప్పుడు సంగతి పక్షాన నిలబడ్డాడు, అంతే. చదువుకున్నవాని ధర్మం అంతకంటె వేరుగా ఉండదని మా అభిప్రాయం.

2019 ఫిబ్రవరిలో మా తమ్ముడికి శస్త్రచికిత్స జరిగింది. ఛాతీ ఎడమవైపు ప్రక్కటెముకల నడుమగా వెళ్ళి, రెండు వంపులలో చిన్నదానిని ముందు కొద్దిసేపు బిగించి, చేతుల్లోనూ కాళ్ళలోనూ నాడి సరిగా ఆడుతున్నదని నిర్ధారించుకొని, అప్పుడు దానిని ఖండించి రెండు కొసలు కుట్టివేశారు. గుండెను ఆపవలసిన పని లేకపోయింది. మూడు గంటల సేపు మేము వరండాలో కూర్చున్నాము. దాదీ తస్‌బీహ్ తిప్పుతూనే ఉన్నది. పక్క బెంచీ మీద సోంపేట నుండి వచ్చిన ఒక ముసలమ్మ తన మనవరాలి కోసం వెంకన్నకు మొక్కుకొంటున్నది. ఇద్దరూ ఒకరి ఫ్లాస్కులోని టీ ఒకరు తాగారు.

వలయం తెగగానే చప్పుడు పోతుందని మేము ఆశపడ్డాము. పోలేదు. పుట్టిన నాటినుండి నొక్కుడు పడిన వాయునాళపు మృదులాస్థి మెత్తబడి ఉంటుంది. అది గట్టిపడడానికి నెలలు, ఒక్కొక్కరికి ఏళ్ళు పడుతుందని వైద్యులు ముందే చెప్పి ఉన్నారు. కానీ నాలుగవ వారంలో వాడు ఎవరూ పిసకకుండా రొట్టె తిన్నాడు. తిని, మరొకటి అడిగాడు. అమ్మీ రొట్టె వేయడం మరచి వాడి గొంతు వైపే చూస్తూ నిలబడ్డది. పెనం మీది రొట్టె మాడిపోయింది.

ఆ ఏడు వానాకాలంలో ఒక రాత్రి అమ్మీ ఉలిక్కిపడి లేచి అందరినీ లేపింది. "వాడి చప్పుడు వినిపించడం లేదు" అన్నది. దీపం వేసి చూచాము. వాడు వెల్లకిల పడుకొని, మెడ నిటారుగా ఉంచి, నోరు మూసుకొని, అందరు పిల్లల వలె నిద్రపోతున్నాడు. ఆరేళ్ళుగా ఆ చప్పుడే జోలపాటగా నిద్రపోయిన తల్లికి నిశ్శబ్దం భయమై మేలుకొలిపినది. ఆ రాత్రి తరువాత మా వీధిలో 'ఇంజను' అనే పేరు మేము వినలేదు. మేము అననూ లేదు.

విద్యార్థి మిత్రులారా! ఈ వ్యాసం చదివి మీ ఇంటి ఉబ్బస రోగి చేతిలోని ఇన్‌హేలరు తీసి పారవేయవద్దని చేతులు జోడించి మనవి చేస్తున్నాము. ఉబ్బసం నిజమైన జబ్బు, లోకంలో అతి సామాన్యమైనది. దానికి ఆ మందే రక్ష. రక్తనాళ వలయాలు చాలా అరుదు. అయితే అరుదైనది మన ఇంట రాదని నియమమేదీ లేదు కనుక కొన్ని గుర్తులు తెలిసి ఉండడం మంచిది. పుట్టిన తొలి నెలలనుండే చప్పుడు ఉండడం, పీల్చేటప్పుడు కూడా అది వినిపించడం, ఖంగుమనే దగ్గు, పాలు తాగేటప్పుడు ఆయాసం, గట్టి ఆహారం మింగలేకపోవడం, తల వెనుకకు వాల్చుకొనడం, మాటిమాటికి న్యుమోనియా, సరిగా మందులు వాడినా మార్పు లేకపోవడం. వీటిలో కొన్ని కలిసి కనబడినచో "ఇది మరేదైనా కావచ్చునా?" అని వైద్యుని వినయంగా అడగండి. ఆ ప్రశ్న అవిధేయత కాదు. అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పుట్టుకతో వచ్చిన లోపాలను గుర్తించడానికి 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కలదు. ఆ వైద్య బృందం మీ ఊరికి వచ్చిన రోజున పిల్లలను తప్పక చూపించండి. బిడ్డకు అన్నం పెట్టే మనిషిని వెంట పంపండి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఏడాదికొకసారి మన ఆవరణలో ఒక పిల్లల వైద్యుని చేత ఉర్దూలోను, తెలుగులోను ఉపన్యాసం ఇప్పించి, చుట్టుపక్కల తల్లులను ఆహ్వానించగలరు. వారిని వినేవారుగా కూర్చోబెట్టి పంపకుండా, కొంతసేపు మాట్లాడనివ్వగలరు.

మా తమ్ముడు ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుతున్నాడు. ఛాతీ ఎడమవైపున ప్రక్కటెముకల వెంబడి ఒక సన్నని గీత మిగిలినది. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు స్టేషనుకు ఎదురు వచ్చి, మా సంచీ భుజాన వేసుకొని, వంతెన మెట్లన్నీ ఆగకుండా ఎక్కి, పైనుండి "భాయీ, ఏమిటంత ఆయాసం?" అని నవ్వాడు. మేము కింది మెట్టు మీద నిలబడి, వాడి ఊపిరిలో చప్పుడు వస్తుందేమోనని పాత అలవాటు కొద్దీ కాసేపు విన్నాము. హౌరా వైపు పోయే బండి కూత తప్ప మరేమీ వినిపించలేదు.